నీటిమట్టం

ఫ్రీస్‌లాండ్‌లో రెండు కాలువలు కలిసేచోట
లాకులకు కావలి నేను. పేరు హిల్ట్యే.
పడవ వస్తే వెనక తలుపు మూస్తాను,
తూము ఎత్తుతాను,
నీళ్లు సమమయ్యేదాకా నిలబడతాను.
సుంకానికి, గాలపుకర్రకు చెక్కబూటు కట్టి దించితే
పడవవాళ్లు నాణెం వేసి నవ్వుతారు.
ఈ ఏప్రిల్లో, సీజను మొదలైన రోజున,
ఆ బూటు పైకి లాగలేకపోయాను.
ఒక్క నాణెం. అంత బరువు.

డాక్టర్ పోస్ట్‌మా మందుచీటీ వెనక
రెండు గట్లు గీసింది, మధ్యన సన్నటి సందు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కబురు మోసేది సెరొటోనిన్ అంది.
కబురు చేరీ చేరగానే
పంపిన గట్టే దాన్ని తిరిగి తాగేస్తుందట.
ఈ బిళ్ల ఆ తాగే నోటికి అడ్డం పడుతుంది,
సందులో కబురు ఇంకాసేపు నిలుస్తుంది.
"అంటే తూము మూయడం," అన్నాను.
"అంతే," అంది. పెన్నుకు మూత పెడుతూ మళ్లీ తనే:
"అంతే అయితే ఈపాటికి సాయంత్రానికల్లా నయం కావాలి.
తూము గంటల్లో మూసుకుంటుంది.
మనిషి తేరుకోవడానికి వారాలెందుకో
మాకూ పూర్తిగా తెలీదు."
అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పినవాళ్లు ముందు ఇద్దరున్నారు.
తెలీదన్న మనిషినే నమ్మాను.

మొదటి వారం రొట్టె వాసనకే కడుపులో తిప్పింది.
నిద్ర రాని ఆవులింతలు.
సాసర్లో కప్పు తనంతట తనే మోగేది.
తర్వాత కాళ్లలోకి సత్తువ వచ్చింది,
మనసులోకి వెలుతురు ఇంకా రాలేదు.
ఆ మధ్య రోజుల్నే కాచుకోవాలంది డాక్టరు,
కుర్రవాళ్లయితే మరీ.
చావాలనుకునే మనిషికి
లేచి నడిచే ఓపిక ఒక్కటే ముందు దొరికితే?
తమ్ముడు వీబ్రెన్ రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చేవాడు.
మాటల్లేవు, పేకాట.
ఒక రాత్రి లాకుల మీది నడకవంతెన తాళంచెవి
తన జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.
నేను చూశాను. చూడనట్టున్నాను.

ఆరో వారం గొప్పగా ఏం జరగలేదు.
ఒక బాతు, పిల్లల్ని వెంటేసుకుని,
మూసిన తలుపు ముందు ఆగి నన్ను తిట్టింది.
నేనూ తిట్టాను.
ఆ గొంతు నాదేనని కాసేపటికి గాని తెలీలేదు.

మందూ సుంకం అడిగింది.
మార్టెన్ చెయ్యి నా నడుం మీద పడితే
ఎవరి నడుమో అన్నట్టుండేది.
ఆ సంగతి డాక్టరుకు చెప్పడానికి రెండు నెలలు సిగ్గుపడ్డాను.
జులైలో మేనత్త ఆఫ్కె పోయింది.
నాకు జడలు వేసిన చేతులు పెట్టెలో ముడుచుకుని ఉన్నాయి.
ఏడుపు గొంతుదాకా వచ్చి ఆగింది.
మునగకుండా కాచిన తలుపే
తడవకుండానూ కాచింది.

పక్కింటావిడ పసుపుపూల మూలిక టీ తెచ్చింది, సహజమేగా అంటూ.
మందుపెట్టెలోని కాగితం చదివాను:
అదీ ఇదీ కలిస్తే వణుకు, జ్వరం, గుండెదడ, ఆసుపత్రి.
టీ కాలువలో పోశాను.
చేపలకేమైందో తెలీదు.

అక్టోబరులో, బాగానే ఉన్నాను కదా అని,
ఒక సోమవారం మానేశాను. ఎవరికీ చెప్పలేదు.
గురువారానికి తల తిప్పితే చాలు
పుర్రెలో కరెంటు చిటుక్కుమనేది.
కళ్లు ముందు కదిలేవి, లోకం వాటి వెనక.
కలల్లో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకునేవి.
ముప్ఫై ఏళ్లుగా కొత్తవాళ్లకు నేనే చెబుతున్నాను,
నీళ్లు సమం కాకుండా తలుపు లాగొద్దని.

డాక్టరు తిట్టలేదు. మళ్లీ చీటీ తిరగేసింది.
మానాలనుకుంటే మెట్లు మెట్లుగా దిగాలి,
సగం, పావు, చివర్న చుక్కలు; నెలల లెక్క.
శీతాకాలం గడవనీ అన్నాను.
అలాగే అంది.

నిన్న ఉల్లిపాయ తరుగుతుంటే
కళ్లలో నీళ్లొచ్చాయి.
ఉల్లిపాయ వల్లే.
అయినా కాసేపు తుడుచుకోలేదు.